మోడల్ వచ్చాక డ్రాయింగు ఎవరి బాధ్యత?

ప్రశ్న: విజయవాడలో నేనూ, నా భాగస్వామీ కలిసి 18 ఏళ్లుగా స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ నడుపుతున్నాం. మొత్తం 9 మందిమి. డిజైన్ ఈటాబ్స్‌లో (భవనం బలాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్), డ్రాయింగులు ఆటోక్యాడ్‌లో చేస్తాం. ఎక్కువగా అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, కాలేజీ భవనాలు వస్తుంటాయి. ఈ మధ్య హైదరాబాద్ ఆర్కిటెక్టు ఒకరు సెల్లారు మీద ఏడంతస్తుల ఆసుపత్రి పని మాకు ఇస్తామన్నారు కానీ, స్ట్రక్చర్ కూడా బిమ్ మోడల్‌గానే, అంటే భవనం భాగాలన్నీ కొలతలతో ఉన్న త్రిమితీయ కంప్యూటర్ నమూనాగానే ఇవ్వాలని షరతు పెట్టారు. మా కుర్ర ఇంజనీర్లు ఉత్సాహంగా ఉన్నారు. లింకు పెడితే ఈటాబ్స్ మోడలే డ్రాయింగులుగా మారిపోతుందని వాళ్ల నమ్మకం. అలాంటి మోడళ్లు తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు మూడు ఒకేసారి తీసుకుంటే ధర తగ్గిస్తానని డీలరు రోజూ ఫోను చేస్తున్నాడు. మా డ్రాఫ్ట్స్‌మన్ గారు ఆఫీసు తెరిచిన రోజు నుంచి మాతో ఉన్నారు, నాకు అన్నయ్యలాంటివారు. ఆయన మొన్న "ఇక నా అవసరం తీరినట్టేనా" అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఈ సాఫ్ట్‌వేర్ కొనాలా? కొంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఫీజు ఎలా అడగాలి?

సమాధానం: ముందు ఆ ఆర్కిటెక్టు గారికి ఒక ఉత్తరం రాయండి. డీలరుకు జవాబు చెప్పడం ఆ తర్వాత. "బిమ్ మోడల్ కావాలి" అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్కటి ఉంటుంది. స్తంభాలు, బీములు, స్లాబులు సరైన కొలతలతో సరైన ఎత్తులో ఉంటే చాలు, ఏసీ డక్టులూ ఫైర్ పైపులూ వాటికి తగులుతున్నాయో లేదో మేమే చూసుకుంటాం అనేవారు కొందరు. మీరిచ్చే డ్రాయింగులు కూడా ఆ మోడల్‌లోంచే రావాలనేవారు మరికొందరు. ఇంకొందరికి స్టీలు కూడా రాడ్డు రాడ్డుగా మోడల్‌లో ఉండాలి, బార్ బెండింగ్ షెడ్యూలు (రాడ్ల కోత, వంపుల పట్టిక) దాంట్లోంచే రావాలి. మొదటివారు అడిగేదానికీ మూడోవారు అడిగేదానికీ పనిలో ఎన్నో రెట్ల తేడా ఉంది. ఆయన ఎవరో తెలుసుకోకుండా ఫీజు చెబితే నష్టపోయేది మీరే.

ఈ తేడాను కాగితం మీద చెప్పుకోవడానికే ఎల్‌ఓడీ (లెవెల్ ఆఫ్ డెవలప్‌మెంట్, మోడల్‌లో వివరం ఏ స్థాయిదో చెప్పే) అంకెలు వచ్చాయి. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ 2008లో వాటిని తన ఒప్పంద పత్రంలో చేర్చింది. స్ట్రక్చర్ వరకు చూస్తే, 300 అంటే ఆకారం, కొలత, స్థానం ఖాయమైన కాంక్రీటు. తర్వాత చేరిన 350 అంటే దానితో పాటు ఇతర విభాగాలవారి పని వచ్చి కలిసే చోట్లు, అంటే స్లీవులు (పైపు దారికి కాంక్రీటులో వదిలే గొట్టాలు), రంధ్రాలు, ఎంబెడ్ ప్లేట్లు (కాంక్రీటులో బిగించే ఇనుప పలకలు) కూడా ఉండాలి. 400 అంటే తయారీకి పంపగలిగినంత వివరం. టెండరు పత్రాల్లో "ఎల్‌ఓడీ 400" అని ఎక్కడి నుంచో తెచ్చి అతికించడం మామూలైపోయింది. రాసినవారిని కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు వారికి కావలసింది 300 దగ్గరే తేలుతుంది. కాబట్టి ఉత్తరంలో ఇవి అడగండి: ఏ భాగం ఏ స్థాయి వరకు ఉండాలి, మోడల్ ఎన్ని రోజులకోసారి పంపాలి, తగులుళ్లను పరిశీలించి జాబితా తయారుచేసేది ఎవరు, ఫైలు ఏ రూపంలో ఇవ్వాలి, వారు వాడేది రెవిట్ ఏ సంవత్సరం వెర్షన్.

ఆ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. రెవిట్‌లో కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఆటోక్యాడ్‌లోలాగా పాత రూపంలో సేవ్ చేసి పంపే సదుపాయం అందులో లేదు. ఆర్కిటెక్టు 2024లో ఉండగా మీవాళ్లు సరదాపడి 2025లోకి మార్చి పెడితే, ఆ మోడల్ ఆయనకు పనికిరాదు. ఆ పని పూర్తయ్యేదాకా అందరూ ఒకే వెర్షన్‌లో ఉంటామని రాసుకోండి. ఐఎఫ్‌సీ రూపంలో ఇస్తే చాలంటే మీకు మరీ మంచిది. అది ఐఎస్ఓ 16739 ప్రమాణం కింద ఉన్న ఉమ్మడి ఫైలు రూపం. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడేవారైనా దాన్ని తెరిచి చూసుకోవచ్చు, కొలుచుకోవచ్చు, తగులుళ్లు వెతుక్కోవచ్చు. అయితే ఐఎఫ్‌సీ తెరిచి అందులో బీము లోతు మార్చుకుంటూ పని చేయాలనుకుంటే మాత్రం విసుగు తప్పదు. అది చూడటానికి ఇచ్చేది, దిద్దడానికి పనికివచ్చేది కాదు.

అసలు కొనాలా అన్నదానికి సూటిగా చెబుతాను. మీకు వచ్చే పనంతా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే అయి ఉంటే అక్కర్లేదనే అనేవాడిని. కాలమ్ లేఅవుట్, ఫుటింగు వివరాలు, నాలుగు స్లాబుల డ్రాయింగులు అడిగే బిల్డరుకు ఆటోక్యాడ్‌లో మీరు ఇస్తున్నదానికి మించి ఏమీ అక్కర్లేదు, ఇచ్చినా దానికి డబ్బు కట్టడు. బ్రిటన్ ప్రభుత్వం 2016 ఏప్రిల్ నుంచి తన పనులకు బిమ్ తప్పనిసరి చేసింది. మన దగ్గర ప్రైవేటు భవనాలకు అలాంటి ఒత్తిడి ప్రభుత్వం నుంచి లేదు, వచ్చేది క్లయింట్ల నుంచే. కానీ ఆసుపత్రి సంగతి వేరు. ఫాల్స్ సీలింగు పైన ఏసీ డక్టులు, మెడికల్ గ్యాస్ పైపులు, స్ప్రింక్లర్లు, కేబుల్ ట్రేలు, వాటి మధ్యలో మీ 750 మి.మీ. బీములు. గదిగదికీ సంకెన్ స్లాబుల (మట్టం కన్నా కిందికి దించిన స్లాబుల) టాయిలెట్లు. ఎమ్మారై గది బరువు ఒక చోట, నీళ్ల ట్యాంకు ఇంకో చోట. ఇలాంటి భవనంలో మోడల్ లేకుండా పని చేస్తే తగులుళ్లు బయటపడేది సైటులోనే, అదీ కోర్ కటింగు మిషను బీము మీద పెట్టిన తర్వాత. ఈ పని ఒప్పుకోండి, దీంతోనే నేర్చుకోండి. మీ అపార్ట్‌మెంట్లను మాత్రం ఇప్పుడే కదపకండి.

ఇక ఈటాబ్స్ లింకు. మీ కుర్రవాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. ఈటాబ్స్ తయారుచేసే సీఎస్ఐ సంస్థే రెవిట్‌కు లింకు ఇస్తుంది. గ్రిడ్లు, అంతస్తుల ఎత్తులు, స్తంభాల బీముల కొలతలు అటు నుంచి ఇటు వచ్చేస్తాయి. తెర మీద నిమిషాల్లో భవనం లేచి నిలబడితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ ముచ్చట తీరాక దగ్గరికెళ్లి చూడమనండి. విశ్లేషణ మోడల్ అంటే గీతలూ బిందువులూ. కింద మూడంతస్తులు 450×900, ఆ పైన 450×600 అయ్యే స్తంభాన్ని తీసుకోండి. బయటి గోడ వరుసలో ఉంటే సైటులో బయటి ముఖం కింది నుంచి పైదాకా ఒకే తీరులో ఉండాలి, తగ్గేది లోపలి వైపే. అంటే పైస్తంభం మధ్యగీత 150 మి.మీ. లోపలికి జరుగుతుంది. ఈటాబ్స్‌లో చాలామంది ఆ బిందువును కదపరు, కింది స్తంభం నెత్తినే పైదాన్ని నడిమధ్యన నిలబెడతారు. లింకు ద్వారా అదే తప్పు రెవిట్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి డ్రాయింగులోకి. మెట్లను మీరు భారంగా మాత్రమే వేసి ఉంటారు, వాటి ఆకారం ఈటాబ్స్‌లో ఉండదు. సంకెన్ స్లాబు 300 మి.మీ. కిందికి ఉన్నా విశ్లేషణలో అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. అటు నుంచి చూస్తే భూకంప కోడు ఐఎస్ 1893, 2016 ప్రకారం మీరు స్తంభాల జడత్వ భ్రామకాన్ని (వంగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే సంఖ్యను) 70 శాతానికి, బీములది 35 శాతానికి తగ్గించి ఉంటారు. భవనం ఆకారం చూపే మోడల్‌కు ఆ సంఖ్యలతో పనే లేదు.

రెండూ వేర్వేరు పనులకు పుట్టిన మోడళ్లు. రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కూడా 2023 వెర్షన్ నుంచి అందులో భౌతిక భాగాలనూ విశ్లేషణ భాగాలనూ విడదీసింది. అంతకుముందు బీము గీస్తే దాని విశ్లేషణ గీత దానంతట అదే వెంట వచ్చేది, ఇప్పుడు విడిగా తయారుచేసుకోవాలి. కాబట్టి లింకును మొదట్లో ఒకేసారి వాడండి, గ్రిడ్లూ ఎత్తులూ కొలతలూ తెచ్చుకోవడానికి. ఆ తర్వాత రెండు మోడళ్లూ ఎవరి దారిన వారు నడవాలి.

అలా విడిగా నడిచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఆర్కిటెక్టు ఆపరేషన్ థియేటరు స్పాన్ పెంచారు, మీ ఇంజనీరు ఈటాబ్స్‌లో 300×600 బీమును 300×750 చేశాడు, రెవిట్‌లో పాతదే ఉండిపోయింది. ఆటోక్యాడ్ రోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్ ఆ బీము సెక్షను గీస్తూ "సార్, మొన్న 600 అన్నారు, ఇవాళ రాడ్లు 750కి ఇచ్చారే" అని అడిగేవాడు. మోడల్‌లో సెక్షను దానంతట అదే వస్తుంది, అడిగే మనిషి ఉండడు. చూడటానికి నీటుగా ఉంటుంది కనుక అందరూ నమ్మేస్తారు. దీనికి మందు సులువే. డ్రాయింగులు బయటికి పంపే ప్రతిసారీ ముందు రోజు ఈటాబ్స్ నుంచి ఒకటి, రెవిట్ నుంచి ఒకటి కాలమ్, బీము పట్టికలు ఎక్సెల్‌లోకి తీసి పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒక సూత్రం రాసిపెట్టుకుంటే తేడా ఉన్న గడులు ఎర్రగా కనబడతాయి. ఈ తనిఖీకి ఒక మనిషి పేరు రాసి పెట్టండి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది.

స్టీలు దగ్గర నా సలహా మీ కుర్రవాళ్లకు నచ్చకపోవచ్చు. ఈ ఆసుపత్రిలో స్టీలును మోడల్ చేయకండి, కొన్ని చోట్ల తప్ప. రెవిట్ పుట్టింది ఆర్కిటెక్టుల కోసం. 2000లో మొదటి వెర్షన్ వచ్చింది, 2002లో ఆటోడెస్క్ కొనుక్కుంది, స్ట్రక్చర్ పనిముట్లు తర్వాత వచ్చి చేరాయి. కాంక్రీటు ఆకారానికి అది ఎంత హాయిగా ఉంటుందో, రాడ్ల దగ్గర అంత ఓపికను పరీక్షిస్తుంది. 135 డిగ్రీల హుక్కులు, ల్యాపులు (రాడ్ల అతుకులు), కర్టెయిల్‌మెంట్లు (మధ్యలో ఆపేసే రాడ్లు) బీము బీముకూ పెట్టుకుంటూ పోతే ఫైలు బరువెక్కుతుంది, మీ గడువు దాటిపోతుంది. అంతా అయ్యాక సైటులో రాడ్ బెండరు అడిగేది ఏ3 కాగితం మీద బీము పొడవు సెక్షనూ, మూడు అడ్డకోతలూ మాత్రమే.

హైదరాబాద్‌లో అమెరికా, బ్రిటన్ పనుల కోసం రాడ్డు రాడ్డూ మోడల్ చేసే ఆఫీసులు ఉన్నాయిగా అని మీవాళ్లు అంటారు. వాళ్ల లెక్క వేరు. అమెరికాలో స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగుల్లో స్టీలు పట్టికలుగా, నియమాలుగా ఉంటుంది. దాన్ని చూసి స్టీలు సరఫరాదారు తరఫు డీటైలరు విడిగా ప్లేసింగ్ డ్రాయింగులు చేస్తాడు, వాటిని ఇంజనీరు చూసి పంపుతాడు. ఆ డీటైలరు పనే మన హైదరాబాద్ ఆఫీసులకు వస్తుంది, దానికి విడిగా డబ్బు ఉంటుంది. మన దేశంలో మధ్యలో ఆ మనిషి లేడు. మీ డ్రాయింగే నేరుగా మేస్త్రి చేతికి వెళుతుంది. అందువల్ల "స్టీలు కూడా మోడల్‌లో ఇవ్వండి" అన్నప్పుడు, అక్కడ ఇద్దరు చేసే పనిని మీరొక్కరే, ఒక్క ఫీజుతో చేయమన్నట్టు.

స్టీలును మోడల్ చేయాల్సిన ఆ కొన్ని చోట్లేమిటో చెబుతాను. ఒక స్తంభం 450 వెడల్పు, దాని ముఖానికి ముఖం సరిపడేలా వచ్చే బీము కూడా 450 వెడల్పు అనుకోండి. స్తంభానికి కవరు (రాడ్ల మీది కాంక్రీటు మందం) 40, రింగు (రాడ్లను చుట్టే కడ్డీ) 8, కాబట్టి 25 మి.మీ. నిలువు రాడ్డు ముఖం నుంచి 48 దగ్గర మొదలై 73 దగ్గర ముగుస్తుంది. బీముకు కవరు 30, రింగు 8, 20 మి.మీ. మూల రాడ్డు 38 నుంచి 58 వరకు ఉంటుంది. రెండు రాడ్లూ 10 మి.మీ. మేర ఒకే చోట ఉండాలంటున్నాయి. స్తంభం డ్రాయింగు తప్పు కాదు, బీము డ్రాయింగు తప్పు కాదు, కోడు ప్రకారం రెండూ సరిగానే ఉన్నాయి. సైటులో రాడ్ బెండరు బీము రాడ్డును లోపలికి వంచి దూరుస్తాడు, మీరు వేసుకున్న ఎడాలు అక్కడ పోతాయి. నాలుగు వైపుల నుంచీ బీములు వచ్చే జంక్షన్లో ఇంకా రద్దీ. ఇలాంటి రకాలను ఒక్కొక్కటి తీసుకుని, రాడ్లతో సహా మోడల్ చేసి, ఏది లోపల ఏది బయట, ఏది పైన ఏది కింద అని తేల్చుకుని, ఆ బొమ్మను ఒక ప్రామాణిక డ్రాయింగుగా సైటుకు ఇవ్వండి. ట్రాన్స్‌ఫర్ గర్డరు, షియర్ వాల్ అంచులు, కప్లింగ్ బీముల్లో ఏటవాలు రాడ్లు, పైల్ క్యాపులో స్తంభం డోవెల్స్ కూడా ఈ జాబితాలోవే. మిగతా బీములకు పొడవు సెక్షన్లు పాత పద్ధతిలోనే గీయండి. రెవిట్‌లోనే ద్విమితీయంగా గీసే వీలు ఉంది, లేదా ఆటోక్యాడ్‌లో గీసి ఒకే టైటిల్ బ్లాకుతో పంపవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

మీ డ్రాఫ్ట్స్‌మన్ గారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆయన అవసరం తీరలేదని ఆయనకు ఇవాళే చెప్పండి, ఓదార్పుగా కాదు, ఆయనకు అప్పగించబోయే పని పేరు పెట్టి. రెవిట్ పెట్టెలోంచి తీసినప్పుడు వచ్చే టెంప్లేటు మన అలవాట్లు ఎరగదు. అందులో మన ఏటవాలు ఫుటింగు ఉండదు, సన్‌షేడు ఉండదు, మీ ఆఫీసు కాలమ్ షెడ్యూలు తీరు ఉండదు. ఏ గీత ఎంత మందం, లెవెల్ గుర్తు ఎలా ఉండాలి, సంకెన్ స్లాబుకు ఏ హ్యాచ్, ఏ కొలత ఎక్కడ ఇస్తే మేస్త్రి ఫోను చేయకుండా పని చేసుకుంటాడు, ఇదంతా ఎవరికి తెలుసు? ఆయనకే. టెంప్లేటుకూ షీట్లకూ ఆయన్ను యజమానిని చేయండి. చురుకైన ఒక కుర్ర ఇంజనీరును ఆయన పక్కన కూర్చోబెట్టండి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర. ఆ అబ్బాయి బొత్తాలు నేర్పుతాడు, ఆయన డ్రాయింగు నేర్పుతారు. ఆయన్ను అమీర్‌పేటలో రెవిట్ కోర్సుకు పంపాలని మాత్రం అనుకోకండి. ఒక విల్లా కట్టి, సోఫాలు వేసి, చెట్లు నాటి సర్టిఫికెట్ ఇస్తారు. కాలమ్ షెడ్యూలు ఎలా తీయాలన్నది అందులో ఉండదు.

దీనికన్నా కష్టమైన మార్పు మీకూ మీ భాగస్వామికీ ఉంది. ఇన్నాళ్లూ ఇంజనీరు ప్రింటు మీద ఎర్ర పెన్నుతో రాసి ఇచ్చాడు, డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు. గీతకూ నిర్ణయానికీ మధ్య ఒక గోడ ఉండేది. మోడల్‌లో బీమును 150 మి.మీ. కిందికి దించడం గీత మార్చడంతో ఆగదు. దాని సెక్షను, పక్క స్లాబు, కింది తలుపు ఎత్తు, పైపు దారి అన్నీ మారతాయి. ఒక షీటులో మారి ఇంకో షీటులో మారకపోవడం అంటూ ఉండదు. కాబట్టి మోడల్‌లో చేయి పెట్టేవారికి ఏది ఎందుకు అలా ఉందో తెలిసి ఉండాలి. మీరు రెవిట్‌లో గీయడం నేర్చుకోనక్కర్లేదు. తెరవడం, సెక్షను కోయడం, కొలవడం, ఫలానా బీము ఎవరు ఎప్పుడు మార్చారని నిలదీయడం నేర్చుకోండి. యజమానులు ప్రింటు కోసం ఎదురుచూసే ఆఫీసుల్లో రెవిట్ ఖరీదైన ఆటోక్యాడ్‌గా మిగిలిపోతుంది.

మొదలుపెట్టేటప్పుడు నేరుగా ఆసుపత్రిలోకి దూకకండి. ఇప్పటికే డ్రాయింగులు ఇచ్చేసిన మీ పాత అపార్ట్‌మెంటు ఒకటి తీసుకుని దాని కాంక్రీటు మొత్తం రెవిట్‌లో మళ్లీ కట్టించండి. టెంప్లేటు ఆ పనిలోనే తయారవుతుంది. పాత డ్రాయింగులతో పోల్చినప్పుడు మెట్ల మిడ్ ల్యాండింగు బీము తలకు తగిలేలా ఉన్న సంగతో, లిఫ్టు పిట్‌కూ పక్క ఫుటింగుకూ పడని సంగతో బయటపడితే ఆశ్చర్యపోకండి. కుర్రవాళ్లకు అంతకు మించిన పాఠం లేదు. ఆ తర్వాతే ఆసుపత్రి.

అక్కడ మీకు ఎదురయ్యే మొదటి చిక్కు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మోడల్ పద్ధతి అంతా నిర్ణయాలు ముందుగా తేలాలనే ఊహ మీద కట్టినది. మన దగ్గర భూమిపూజ అయిపోతుంది, జేసీబీ వచ్చి నిలబడుతుంది, ఫుటింగు డ్రాయింగు రేపు కావాలంటారు. పై అంతస్తుల ప్లాను అప్పటికి ఆర్కిటెక్టు దగ్గర ఇంకా పెన్సిలు దశలో ఉంటుంది. దీన్ని మీరు మార్చలేరు, దాంతో బతకడానికి దారి వేసుకోవాలి. స్తంభాల స్థానాలు, అంతస్తుల సంఖ్య, ట్యాంకులూ భారీ యంత్రాలూ ఉండే చోట్లు, ఈ మూడూ ఆర్కిటెక్టు సంతకంతో ఖాయం చేయించుకోండి. మోడల్‌లో పునాది నుంచి ప్లింత్ దాకా పూర్తి వివరంతో చేయండి. పైభాగాన్ని ఉజ్జాయింపు కొలతలతో నిలబెట్టి ఉంచండి. డ్రాయింగుల్లోకి మాత్రం ఖాయమైన భాగం ఒక్కటే వెళ్లాలి. ఉజ్జాయింపు అంతస్తుల కొలతలు పొరపాటున ఎవరి చేతికో వెళ్తే సెంటరింగు సామాను దాని లెక్కనే దిగుతుంది.

స్లీవుల విషయంలో ఒక నియమం మొదటి సమావేశంలోనే పెట్టండి. పైపు బీమును దాటాల్సిన చోట గుర్తు పెట్టేది సర్వీసుల కన్సల్టెంటు, ఒప్పుకునేదీ తోసిపుచ్చేదీ మీరు. మోడల్‌లో రంధ్రం కనబడినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. స్తంభం ముఖం నుంచి బీము ఎఫెక్టివ్ డెప్త్‌కు (పై అంచు నుంచి కింది రాడ్ల మధ్య దాకా ఉండే లోతుకు) రెండింతల దూరం వరకు, భూకంపాన్ని తట్టుకునేలా స్టీలు ఎలా పెట్టాలో చెప్పే ఐఎస్ 13920 కోడు దగ్గర దగ్గరగా రింగులు అడుగుతుంది, భూకంపంలో బీము వంగి నలిగేది అక్కడే. 750 లోతు బీముకు అది సుమారు 1400 మి.మీ. ఆ మేరలో స్లీవులు వద్దని ముందే చెప్పేయండి. మిగిలిన చోట లోతులో మధ్య భాగంలోనే, పరిమాణం చూసి ఒప్పుకోండి. ఆ నిషేధ ప్రాంతాన్ని మోడల్‌లో ఎర్రరంగు దిమ్మెలుగా పెట్టి సర్వీసులవారికి పంపితే, పైపు వాటికి తగిలిన ప్రతిచోటూ వాళ్ల తగులుళ్ల జాబితాలో అదే కనబడుతుంది. వాదన మీ నోటితో చేయనక్కర్లేదు.

కొనుగోలు గురించి తక్కువే చెప్పాలి. మీ చుట్టూ ఆర్కిటెక్టులు రెవిట్‌లో ఉంటే మీరూ రెవిట్‌లోనే ఉండండి, పోల్చి చూడటంలో నెలలు పోగొట్టుకోకండి. పనంతా స్టీలు షెడ్లూ ఫ్యాక్టరీలూ అయితే టెక్లా అనే మరో సాఫ్ట్‌వేర్ చూడమనేవాడిని, మీకది వర్తించదు. మూడు లైసెన్సులు వద్దు, ఒకటి చాలు. ఆటోడెస్క్ 2016 నుంచి శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది, ఇది ఏటేటా కట్టే అద్దె. ఖాళీగా ఉన్న రెండు సీట్లకు అద్దె కట్టడం కన్నా 32 జీబీ మెమరీ ఉన్న ఒక మంచి కంప్యూటర్ కొనండి. రెవిట్ చాలా పనులకు ప్రాసెసర్‌లో ఒక్క కోర్ వేగం మీదే ఆధారపడుతుంది, కోర్ల సంఖ్య చూసి మోసపోకండి. చవకగా వస్తుందని సదుపాయాలు తగ్గించిన రెవిట్ ఎల్‌టీ తీసుకుంటే అందులో ఒకే మోడల్ మీద ఇద్దరు కలిసి పని చేసే వీలు ఉండదు, ఈటాబ్స్ లింకులాంటి యాడ్-ఇన్‌లు నడవవు. కుర్రవాళ్ల విద్యార్థి లైసెన్సుతోనూ, క్రాక్ చేసిన కాపీతోనూ డబ్బు తీసుకునే పని చేయించకండి. మోడల్ పంపించే వ్యాపారంలో మీ ఫైలు పదిమంది దగ్గరికి వెళుతుందని గుర్తుంచుకోండి. డీలరు మళ్లీ ఫోను చేస్తే డెమోకు రమ్మనండి. కానీ తన సొంత నమూనా భవనం చూపించనివ్వకండి. మీ ఏటవాలు ఫుటింగు ఒకటి, మీ కాలమ్ షెడ్యూలు ఒకటి చేతికిచ్చి ఎదురుగా చేసి చూపించమనండి.

ఫీజు. చదరపు అడుగుకు ఇంత అని మీరు ఇప్పుడు తీసుకుంటున్న దాంట్లో మోడల్‌ను కలిపేయకండి. ఒకసారి కలిపితే తర్వాతి పని నుంచి అదే మామూలు ధర అయిపోతుంది. కాంక్రీటు మోడల్‌కు ఒక ధర, నెలకు ఇన్ని సమన్వయ సమావేశాలకు ఒక ధర, స్టీలు మోడల్ లేదా బార్ బెండింగ్ షెడ్యూలు అడిగితే విడిగా ఒక ధర అని మూడు వరుసల్లో రాయండి. ఆయన మూడోది కొట్టేసినా మీకు మంచిదే. విడతల సంగతి ఇంకా ముఖ్యం. మన అలవాటు ప్రకారం డబ్బు స్లాబు స్లాబుకూ వస్తుంది, మోడల్ పద్ధతిలో మీ శ్రమలో పెద్ద వాటా మొదటి స్లాబుకు ముందే అయిపోతుంది. పాత విడతలే ఉంచుకుంటే ఆసుపత్రి పూర్తయ్యేదాకా మీరే పెట్టుబడి పెట్టినట్టవుతుంది. మొదటి సమన్వయ మోడల్ పంపిన రోజున పెద్ద విడత ఒకటి అడగండి. స్తంభాల స్థానాలు సంతకం పెట్టాక మారితే అదనపు ఫీజు అని కూడా రాయండి. మోడల్‌కూ సంతకం చేసిన పీడీఎఫ్ డ్రాయింగుకూ తేడా వస్తే డ్రాయింగే చెల్లుతుందని, మోడల్ సమన్వయానికి మాత్రమేనని మరో వాక్యం చేర్చండి. అది లేకపోతే, ఎప్పుడో మీరు పంపిన సగం మోడల్ నుంచి ఎవరో కొలత తీసుకుని స్లాబు పోసేస్తే జవాబు చెప్పాల్సింది మీరే అవుతారు.

ఆర్కిటెక్టు గారి నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చాక, ఆయన అడిగిన స్థాయినీ వెర్షన్‌నూ చూసి ఫీజు ఉత్తరం పంపండి. ఒప్పందం మీద సంతకం పడిన వారంలోనే ఆ ఒక్క లైసెన్సు కొనండి. అప్పటిదాకా పాత అపార్ట్‌మెంటు మీద సాధనకు ఆటోడెస్క్ ఇచ్చే ఉచిత ట్రయల్ వాడుకోవచ్చు. ఆ రోజుల్లో మీ డ్రాఫ్ట్స్‌మన్ గారికి ఇతర డ్రాయింగుల పని తగ్గించండి. రోజంతా పాత పని చేసి సాయంత్రం కొత్తది నేర్చుకోమంటే ఎవరికీ సాగదు.